జీలుగుమెట్ట జెండా ముడి

మా తాత దాలయ్యకి గడియారం చూడడం రాదు. అయినా మధ్యాహ్నం మూడెప్పుడవుతుందో రాయగడ మొత్తంలో ఆయనకి తెలిసినంత కచ్చితంగా స్టేషను మాస్టరుకి కూడా తెలిసేది కాదు. మూడయ్యేసరికి చేతిలో ఏ పనుంటే ఆ పని ఆగిపోయేది. వీధి తుడుస్తుంటే చీపురు ఆగేది. అన్నం తింటుంటే ముద్ద నోటి దగ్గర ఆగేది. మెడ ఎడమ పక్కకి వంచి, తలుపవతల ఎవరో పిలుస్తున్నట్టు వినేవాడు. అసలే ఆయన చెవులు చేటలంతేసి. అవి అలా నిక్కబొడుచుకుంటే చూసేవాళ్ళకి నవ్వాలో భయపడాలో తెలిసేది కాదు.

ఆయన భార్య అప్పమ్మ నవ్వేదీ కాదు, భయపడేదీ కాదు.

"వచ్చేడేటి నీ మనిషి?" అనేది.

"వచ్చేడు."

"ఏటన్నాడు?"

"అదే."

"మరయితే ముద్ద మింగు. సల్లారిపోతంది."

ఆ మనిషి పేరు గురువులు. బస్సు డ్రైవరు. పోయి చాలా ఏళ్ళయింది. పోయిన రోజున మధ్యాహ్నం మూడింటికి దాలయ్యని ఒక మాట అడిగి కొండదారిలోకి బస్సు దించేడు. ఆ రోజు నుంచీ అదే వేళకి వచ్చి అదే మాట అడుగుతున్నాడు.

దాలయ్యది సాలూరు పక్క పల్లె. 1936లో కోరాపుట్ కొత్త జిల్లా అయినప్పుడు కొండల మీద రోడ్డు పనులు జోరుగా ఉండేవి. రాళ్ళు కొట్టడానికి కొండెక్కి, మూడేళ్ళు రాళ్ళు కొట్టి, చివరికి జీలుగుమెట్ట ఘాటీకి పై గేటు కాపలాగా కుదిరేడు. బంధుగాం అవతలినుంచి పార్వతీపురం వైపు దిగే దారి అది. పదకొండు మలుపులు. ఒక పక్క కొండ, రెండో పక్క గాలి. ఎదురెదురుగా రెండు బళ్ళొస్తే తప్పుకోవడానికి చోటు లేదు. ఒక్క అయిదో మలుపు దగ్గర, కిందినుంచి లెక్కపెడితే, మలుపు పోలమ్మ గుడి ముందు మాత్రం కాస్త వెడల్పు.

అంచేత ఆ దారి మొత్తానికీ ఒకటే జెండా పెట్టేరు. జానెడు కర్రకి ఎర్రగుడ్డ. కింది గేటు నుంచి నాలుగైదు బళ్ళు కలిసి ఎక్కితే, అన్నిటికన్నా వెనకాల వచ్చేవాడు జెండా పట్టుకోవాలి. జెండా పైకి చేరిందంటే ఘాటీ ఖాళీ అయినట్టు. అప్పుడు దాలయ్య ఆ జెండా తీసుకుని, దిగే బళ్ళలో ఆఖరి బండికి ఇచ్చి గేటు తీస్తాడు. కాపలావాళ్ళకి చదువు లేదు గనక, ఎప్పుడో ఒక ఓవర్సీరు ఇంకో పద్ధతి కూడా పెట్టేడు. జెండా పైకి రాగానే దాని కొసకి దాలయ్య ముడి వెయ్యాలి. కిందికి చేరగానే కింది కాపలావాడు ఆ ముడి విప్పాలి. ముడి ఉందంటే జెండా పైకి వచ్చి వెళ్ళినట్టు. ముడి విప్పేదాకా బండి ఇంకా ఘాటీలోనే ఉన్నట్టు.

దాలయ్య వేసే ముడికి ఒక పేరుండేది. కుంటి ముడి. రాళ్ళు కొట్టేరోజుల్లో ఎడమ చిటికెనవేలు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ వేలు అడ్డొచ్చి ముడి ఎడమ పక్కకి ఒరిగేది, రాయిలా బిగిసేది. కింది కాపలావాడు పళ్ళతో పీకి విప్పుకుంటూ దాలయ్య ఏడు తరాలనీ తలుచుకునేవాడు. ఆ తిట్లు లారీ డ్రైవర్లు పైకి మోసుకొచ్చి చెప్తే దాలయ్యకి మహా సంతోషం.

అయిదేళ్ళు అలా గడిచేయి. దాలయ్య జీవితంలో నవ్వులన్నీ ఆ అయిదేళ్ళలోవే అని అప్పమ్మ అంటుంది. ఆవిడ కాస్త కలిపి చెప్పే మనిషే గానీ ఈ మాటలో కలిపిందేమీ లేదు.

1944 వేసవి. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బళ్ళన్నీ బొగ్గుగాసు మీద నడిచేవి. వెనకాల పీపాయంత పొయ్యి కట్టుకుని, పొగ కక్కుకుంటూ, దగ్గుకుంటూ ఎక్కేవి. ఎక్కుడులో ఆపితే పొయ్యి మందగించేది. మళ్ళీ ఊది, కదిపి, బయల్దేరేసరికి డ్రైవరు మొహం బొగ్గయ్యేది.

ఆ రోజు బంధుగాం సంత. అప్పమ్మ పొద్దున్నే జెండాకి అతుకు వేసింది. ముందురోజు ముళ్ళకంపకి తగులుకుని చిరిగింది. ఎర్రగుడ్డ లేక తన పాత రవిక చెయ్యి కత్తిరించి, నల్లదారంతో కుట్టింది. కుట్టి, జెండా మొదటి బండితో కిందికి పంపించి, బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోయింది. పోకుండా ఉండాల్సింది అని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో పోలమ్మకే తెలియాలి.

మధ్యాహ్నం కింద రెండు లారీలున్నాయి. ఒకటి రోజూ ఆ దారిన తిరిగే కన్నయ్యది. రెండోది అప్పుడే కొన్న కొత్త లారీ, ఘాటీ ఎక్కడం అదే మొదటిసారి. కింది కాపలావాడు జెండా గేటుకి ఆనించి లోపలికి పోయేడు, ఎవరు పుచ్చుకున్నారో చూడలేదు. పుచ్చుకున్నది కన్నయ్య. కొత్త లారీ ముందు, కన్నయ్య వెనకాల.

కొత్త బండి ఏదైనా మొదటిసారి ఆ ఘాటీ ఎక్కితే పోలమ్మ దగ్గర ఆగి కోడిని కొయ్యాలి, చక్రాలకి బొట్లు పెట్టాలి, అమ్మవారికి ఎర్రగుడ్డ కట్టాలి. అది చెయ్యకుండా ముందుకెళ్ళే డ్రైవరు ఆ వైపు పుట్టలేదు. కొత్త లారీ ఆగింది. కన్నయ్య కూడా వెనకాల ఆగాలి, జెండా ఉంది గనక. ఆగితే పొయ్యి చల్లారుతుంది. ఆ వెడల్పు చోటులోంచి, కూచున్నచోటనే అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, పక్కనించి దాటుకుని పైకొచ్చేసేడు. కోడిని కొయ్యడానికి ఎంతసేపు పడుతుంది, వాళ్ళూ వెనకే వచ్చేస్తారు అనుకున్నాడు. పైకొచ్చి జెండా దాలయ్య చేతిలో పెట్టి, కొత్త లారీ సంగతి ఒక్కముక్క చెప్పకుండా, లారీ పక్కకి పెట్టి బొగ్గు కదుపుకుంటూ కూచున్నాడు.

దాలయ్య కొసకి ముడి వేసేడు. దిగడానికి ఉన్నది ఒకటే బండి, గురువులు బస్సు. గురువులు చుట్టరికం లేకపోయినా దాలయ్యని బావా అనే పిలిచేవాడు. మీసాలకి రోజూ ఆముదం రాసేవాడు. కిటికీలోంచి తల బయటపెట్టి రోజూ అడిగేమాటే అడిగేడు.

"జెండా వచ్చిందేటి బావా?"

"వచ్చింది. ఎల్లు."

జెండా అందించి గేటు తీసేడు.

కొత్త లారీ అప్పుడే పోలమ్మ దగ్గర పూజ ముగించుకుని కదిలింది. ఆరో మలుపు దగ్గర రెండూ కలిసేయి. లారీ లోయలో పడి కాలిపోయింది. బస్సు కొండకేసి కొట్టుకుంది. లారీ డ్రైవరు పోయేడు, గురువులు పోయేడు. వెనక సీట్లలో ఉన్న పదకొండుమందికి దెబ్బలు తగిలేయి.

ఆ చప్పుడు పైకి వినిపించింది. గేటు వదిలి కదలకూడదని దాలయ్యకి రూలు. కదల్లేదు. కన్నయ్య మాత్రం పరుగెత్తేడు. అందరికన్నా ముందు అక్కడికి చేరింది కన్నయ్యే.

పొద్దు వాలేక ఇంకో మనిషిని గేటు దగ్గర కూచోబెట్టి దాలయ్య కిందికి దిగేడు. బస్సులో జెండా లేదు. దారిమీద లేదు. మూడు రోజులు తుప్పల్లో వెతికేడు. ముళ్ళు గీసుకున్న చేతులతో విచారణకి వెళ్ళి నిలబడ్డాడు.

"నాకాడ జెండా లేదు బాబూ," అన్నాడు కన్నయ్య. "ఎనకాలొచ్చే కొత్త లారీవోడు పుచ్చుకున్నాడు. వోడితోపాటు కాలిపోయుంటాది. ఈడు నన్ను సూసి, బళ్ళయిపోయేయనుకుని గేటు తీసేసేడు."

కింది కాపలావాడు తాను చూడలేదన్నాడు. అది నిజమే. బస్సులో వాళ్ళు పొగే తప్ప ఏమీ చూడలేదన్నారు. అదీ నిజమే. దాలయ్య జెండా వచ్చిందన్నాడు. అయితే చూపించమన్నారు.

మూడు రోజులు అడిగేక, కాగితాలు రాసే గుమస్తా భావనారాయణ గారు ఆయన్ని పక్కకి పిలిచేరు. ఆయన మంచివారే.

"ఒరేయ్ దాలయ్యా, కావాలని చేసేవంటే జైలు. పొరపాటు పడ్డానంటే ఉద్యోగంతో పోతుంది. జెండా వచ్చిందని భ్రమపడి గేటు తీసేను అని రాస్తాను. వేలిముద్ర వెయ్యి. ఇంట్లో అప్పమ్మకి నెలలు నిండుతున్నాయి, ఆలోచించుకో."

"భ్రమంటే ఏటి బాబూ?"

"లేనిది ఉన్నట్టు కనపడడం."

దాలయ్య వేలు సిరాలో ముంచేడు. అప్పమ్మకి ఈ సంగతి తెలిసి మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడింది, అంతకన్నా మాట్లాడకపోవడమే నయమనిపించింది.

"ముడేసినోడివి ముడేసేనని సెప్పలేకపోయేవా?"

"సెప్పేను."

"సెప్పి, లేదని ఏలు ముంచుతావా?"

రాయగడ వచ్చేసేరు. ఊళ్ళో వీధులు తుడిచే పని దొరికింది. తెలుగువాళ్ళ వాడలో గది దొరికింది. ఆడపిల్ల పుట్టింది. అన్నీ దొరికేయిగానీ మూడయ్యేసరికి గురువులు వచ్చేవాడు.

"జెండా వచ్చిందేటి బావా?"

మొదట్లో దాలయ్య టక్కున జవాబు చెప్పేవాడు. "వచ్చింది గురువులూ." బజార్లో చీపురు పట్టుకుని గాలికి జవాబు చెప్పే మనిషిని చూసి ఒడియా కోమట్లు నవ్వుకునేవారు. కుడిచేత్తో గేటు గడ తీసినట్టు, ఎడమచేతిలో ఎర్రగుడ్డ రెపరెపలాడినట్టు ఆయనకి కళ్ళకి కట్టినట్టు ఉండేది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతూ వచ్చింది. కుడిచెయ్యి గడ తీస్తూనే ఉంది. ఎడమచేతిలో గుడ్డ ఒకరోజు గులాబీ రంగులో కనిపించింది, ఇంకో ఏడాదికి బూడిద రంగయింది. పదేళ్ళు నిండేసరికి చెయ్యి ఖాళీగా కనిపించడం మొదలుపెట్టింది. ముడి వేసినట్టు జ్ఞాపకం ఉంది. కానీ అయిదేళ్ళలో కొన్ని వేల ముళ్ళు వేసేడు, అన్నీ కుంటి ముళ్ళే. జ్ఞాపకం ఉన్న ముడి ఆ రోజుదేనని ఎవరు చెప్పాలి? ముందురోజుదేమో. కాగితంలో రాసిందే నిజమేమో. లేనిది ఉన్నట్టు కనపడిందేమో.

ఆ తర్వాత గురువులు అడిగితే దాలయ్య జవాబు చెప్పడం మానేసేడు. మెడ వంచి వినేవాడు, అంతే. అప్పమ్మకి భయం వేసింది అప్పుడే. జవాబు చెప్పినన్నాళ్ళూ పిచ్చివాడనుకుంది. చెప్పడం మానేసేక మనిషి లోపల ఏదో ఒప్పేసుకున్నాడని తెలిసింది.

"వచ్చిందని సెప్పవేటి?" అని ఒకరోజు నిలదీసింది.

"నువ్వు సూసేవా అప్పీ?"

"నేను సంతలో ఉన్నాను గదా."

"మరి నాకేటి తెలుస్తాది," అన్నాడు దాలయ్య, చూసినవాడు తనొక్కడే అయినా.

కన్నయ్య కూడా రాయగడలోనే ఉండేవాడు, రైలుగేటు అవతల. ఇద్దరూ ఒకే ఊళ్ళో పదహారేళ్ళున్నారు. దాలయ్య చీపురు చప్పుడు వినిపిస్తే కన్నయ్య పక్క సందులోకి తిరిగిపోయేవాడు. తనలాంటివాడి మొహం చూడ్డం ఇష్టంలేకేమో అని దాలయ్య అనుకునేవాడు. పైగా ఆ సందు మూల శుభ్రంగా తుడిచేవాడు, పాపం కన్నయ్య అటే నడుస్తాడని. ఇంత అమాయకుడికి గేటు ఎవరిచ్చేరో.

1960లో ఘాటీ వెడల్పు చేస్తున్నారని కబురొచ్చింది. బళ్ళు ఎదురెదురుగా వెళ్ళొచ్చట. గేట్లు పీకేసేరు. అయిదో మలుపు దగ్గర పోలమ్మని నాలుగు బారల ఇవతలకి జరపాలి. పూజలు చేసే ముసలిది అమ్మన్నమ్మ ఒప్పుకుంది గానీ, అమ్మవారి ఒంటిమీద గుడ్డలు మగవాళ్ళు ముట్టకూడదంది. మొక్కున్న ఆడవాళ్ళు వచ్చి ఒక్కొక్కటీ విప్పి, ఏట్లో కలపాలంది. ఆ అమ్మవారికి కట్టిన గుడ్డ ఇంతవరకు ఎవరూ తియ్యలేదు. పాతదానిమీద కొత్తది కడుతూ పోయేరు.

అప్పమ్మ వెళ్తానంది. దాలయ్య రానన్నాడు. ఆ ఘాటీలో ఆయన మళ్ళీ అడుగు పెట్టలేదు.

రోడ్డు పని చూసే చిన్న ఇంజినీరు గొడుగు వేసుకుని దూరంగా నిలబడ్డాడు. పదిమంది ఆడవాళ్ళు కూచుని గుడ్డలు విప్పేరు. పైవి ఎర్రగా ఉన్నాయి. కిందవి ఇటుక రంగు. ఇంకా కిందవి ఉల్లిపొరల్లా చేతిలోనే చిట్లిపోతున్నాయి. పొద్దెక్కేసరికి అమ్మవారు చిన్నపిల్లంత అయిపోయింది. అప్పుడు అప్పమ్మ చేతికి ఒక గుడ్డ వచ్చింది. మిగతావి చీరముక్కలు, రవికగుడ్డలు. ఇది మందం. మూలన ఒక అతుకు. నల్లదారం, ఎగుడుదిగుడు కుట్టు. అప్పమ్మ కుట్టుపని ఎప్పుడూ అంతే, ఆవిడ కుట్టిన బొంత కప్పుకుంటే వేళ్ళు ఇరుక్కుంటాయి.

"ఏటే అలా కూకుండిపోయేవు? అమ్మోరి సీర ఇలాగియ్యి, బుట్టలో పడెయ్యాల," అంది అమ్మన్నమ్మ.

"సీర కాదప్పా," అంది అప్పమ్మ. "నా రవిక సెయ్యి."

రెండో కొస తిప్పి చూసింది. ముడి ఉంది. ఎడమ పక్కకి ఒరిగి, రాయిలా బిగిసి, పదహారేళ్ళుగా ఎవరూ విప్పని ముడి.

అమ్మవారి గుడ్డ ఇంటికి తీసుకెళ్ళకూడదని అమ్మన్నమ్మ పట్టుబట్టింది. అప్పమ్మ వాదించలేదు. ఒంటిమీది కొత్త చీర కొంగు బారెడు చింపి బుట్టలో పడేసింది. ఇంజినీరు తెలుగు తెలిసినవాడే. వచ్చి ఏమిటని అడిగితే, జెండా పద్ధతీ ముడి పద్ధతీ చెప్పింది. అతను పాత కాపలావాళ్ళ నోట ఆ సంగతి విన్నవాడే. గుడ్డ మూలన రోడ్ల శాఖవారి ముద్ర సగం చెరిగి ఉంది. గొడుగు మూసి, ఎండలోనే నిలబడి చాలాసేపు దాన్ని చూసేడు.

ఇంటికొచ్చి అప్పమ్మ జెండా దాలయ్య ఒళ్ళో పెట్టింది. మధ్యలో ఓ గోధుమరంగు మరక. ఆయన మరక చూడలేదు, అతుకు చూడలేదు. ముడి పట్టుకున్నాడు. వంకర వేలు ముడి పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"నాదే," అన్నాడు.

"నాకు తెల్దేటి?"

"నాకు తెల్దు గదే," అన్నాడు దాలయ్య.

మర్నాడు జెండా తుండుగుడ్డలో చుట్టుకుని రైలుగేటు అవతలికి వెళ్ళేడు. కన్నయ్యకి ఆ ఏడాదే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మంచం మీద ఉన్నాడు. దాలయ్య తుండుగుడ్డ విప్పి జెండా కన్నయ్య గుండెలమీద పెట్టేడు.

"కాల్సేద్దారనుకున్నాను," అన్నాడు కన్నయ్య, నోరు వంకరపోతూ. "అమ్మోరు కింద మలుపులో ఎదురుగానే ఉంది. సూస్తంది. ఎర్రగుడ్డ ఎలా కాల్సగలను? కర్ర లోయలోకి ఇసిరేసి, గుడ్డ అమ్మోరికి కట్టేసేను. కొత్త లారీవోడు కట్టిన గుడ్డ తీసి, దాని కింద కట్టేసేను. ఎవులికీ అనుమానం రాలేదు."

"ముడి విప్పేసుంటే నీ మాటే నిజమైపోను గదా?"

"విప్పబోయేను. రాలేదు. పళ్ళతో లాగేను. నీ దిక్కుమాలిన ముడి రాలేదు దాలయ్యా."

దాలయ్యకి కింది కాపలావాడి తిట్లు గుర్తొచ్చేయి. నవ్వు రాబోయి ఆగిపోయింది. అడగాల్సింది ఇంకొకటుంది.

"గురువులు అప్పటికి పోయేడేటి?"

"లేదు. పాణం ఉంది. జెండా పిడికిట్లో ఉంది. నన్ను సూసి, జెండా వచ్చింది గదా, మరీ లారీ ఎక్కణ్ణించి వచ్చింది అన్నాడు. రెండు మాట్లన్నాడు. పిడికిలి నేనే విప్పేను. అది వచ్చింది. ముడే రాలేదు."

ఆ మరక ఎవరిదో దాలయ్య అడగలేదు. కన్నయ్య మంచం పక్కనున్న చెంబులో నీళ్ళు అతని నోట్లో పోసి, తుండుగుడ్డతో మూతి తుడిచి వచ్చేసేడు. సాయంత్రం ఇంజినీరు వెళ్ళి కన్నయ్య చెప్పింది రాసుకున్నాడు. కన్నయ్య ఎడమచేత్తో వేలిముద్ర వేసేడు.

కాగితం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. జెండా కూడా అన్నాళ్ళూ ఆఫీసులోనే ఉంది. ముడి ఎవరూ ముట్టకూడదని దాలయ్య ఇంజినీరు దగ్గర మాట తీసుకున్నాడు, అతను నిలబెట్టుకున్నాడు. 1961 చలికాలంలో ఇంజినీరే వచ్చి, వీధరుగు మీద కూచుని, ఇంగ్లీషు కాగితం తెలుగులో చదివి చెప్పేడు. పై గేటు కాపలా దాలయ్య నియమం ప్రకారమే జెండా అందుకుని గేటు తీసేడు, ఆయన వల్ల ఏ తప్పూ జరగలేదు, పాత వాంగ్మూలం రద్దు. వాడలో వాళ్ళందరూ మూగేరు. అప్పమ్మ ఆ కాగితం మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి, పక్కింటివాళ్ళ తలుపు తీసి ఉంది గనక, గట్టిగా చదవమంది.

దాలయ్య కాగితం పుచ్చుకోలేదు. జెండా పుచ్చుకున్నాడు.

"అప్పీ, రేపు ఘాటీకెల్దాం."

"ఎందుకు?"

"ముడి విప్పలేదు గదా. ఆడింకా దార్లోనే ఉన్నాడు."

అప్పమ్మ లేచి రేపటి సద్దికి బియ్యం కడిగింది.

మర్నాడు మూడింటికి పై గేటు ఉన్నచోట నిలబడ్డారు. గేటు లేదు, గోతులు రెండున్నాయి. దాలయ్య జెండాని కర్రపుల్లకి గుచ్చి ముందు నడిచేడు. వెడల్పయిన రోడ్డు మీద లారీలు ఎగువకీ దిగువకీ పోతున్నాయి, జెండా పట్టుకుని నడిచే ముసలాణ్ణి చూసి హారన్లు కొట్టేయి. ఆరో మలుపు దగ్గర ఆయన ఆగలేదు. ఆగితే మళ్ళీ కదల్లేనని అనుకున్నాడేమో. అప్పమ్మ వెనకాల నాలుగడుగుల దూరంలో నడిచింది.

కింది గేటు రాతిస్తంభం ఒకటే మిగిలింది. దాని కింద కూచుని దాలయ్య ముడి విప్పబోయేడు. రాలేదు. పళ్ళు పెట్టేడు, ఉన్నవి నాలుగు పళ్ళు. రాలేదు. అప్పమ్మ తలలోంచి పిన్ను తీసి సందులోకి దూర్చి, నెమ్మదిగా కుళ్ళగించింది. చాలాసేపటికి వదిలింది.

గుడ్డంతా వెలిసి మట్టిరంగుకి వచ్చేసింది. ముడి లోపల మడతపడ్డ ఆ కాస్త చోటు మాత్రం, ఎండా వానా తగలక, ఆ పొద్దున అప్పమ్మ అతుకేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎర్రగా. బొటనవేలి గోరంత.

దాలయ్య దానికేసి చూస్తూ, "ఎర్రగానే ఉందే," అన్నాడు.

"మరి," అంది అప్పమ్మ.

ఆ మర్నాడు మూడయింది. దాలయ్య తయారుగా కూచున్నాడు. జవాబు నోట్లోనే ఉంది. మెడ వంచేడు. చెవులు నిక్కేయి. వీధిలో చింతపండు అమ్మేవాడు కేకేసుకుంటూ పోయేడు. రైలు కూత వినిపించింది. అంతే.

"వచ్చేడేటి?" అంది అప్పమ్మ.

"రాలేదు."

"దిగిపోయుంటాడు. ఇంకెందుకొస్తాడు?"

"పదహారేళ్ళు రోజూ అడిగినోడు, సెప్పగలిగిన నాడు అడగకపోతే ఎలాగే," అన్నాడు దాలయ్య. ఆయన గొంతులో కోపం ఉంది.

ఆ తర్వాత కూడా రోజూ మూడింటికి పని ఆపేవాడు. ఎదురు చూసేవాడు. కాసేపటికి మొహం చిన్నబుచ్చుకుని మళ్ళీ పనిలో పడేవాడు. వాడలో అందరూ దాలయ్య బాగుపడ్డాడన్నారు. అప్పమ్మకి తెలుసు. పోయినవాడు అడుగుతున్నప్పుడు ఈ మనిషి ఇంట్లో ఇంత ఒంటరిగా లేడు.

కూతురికి పిల్లలు పుట్టి ఎదిగేక, ఒకరోజు మనవల్లో ఒకత్తె, నాలుగో క్లాసుతో బడికి దణ్ణం పెట్టేసిన పిల్ల, మూడింటికి గోడ వెనకాల నక్కింది. గొంతు బొంగురు చేసుకుని, "జెండా వచ్చిందేటి బావా?" అంది.

దాలయ్య అటు తిరగలేదు. చీపురుకట్ట కట్టుకుంటున్న చేతులు ఆగిపోయేయి. మెడ ఎడమ పక్కకి వంగింది.

"వచ్చింది గురువులూ," అన్నాడు మెల్లగా. "ఎల్లు."

అప్పమ్మ తెడ్డు పట్టుకుని గోడ వెనక్కి వచ్చింది. ఆ పిల్లెవరో ఇక్కడ చెప్పక్కర్లేదు, తిన్న దెబ్బలు చాలు. మూడో దెబ్బకి దాలయ్య అడ్డొచ్చి తెడ్డు పుచ్చుకున్నాడు.

"కొట్టకే," అన్నాడు. "రేపు గొంతు ఇంకాస్త లావుగా పెట్టమను."